గీత పడని తాళం

ఆ వీధిలో ఎవరింట్లో దొంగతనం జరిగినా మొదటి కబురు తాళాలాయనకే వెళ్ళేది. పోలీసులకు ఆ తరువాత. ఆయన సంచీ భుజాన వేసుకుని వచ్చి, తలుపుకున్న తాళాన్ని మరలు విప్పి చేతిలోకి తీసుకుని, గడియారాలు బాగుచేసేవాళ్ళు కంటికి తగిలించుకునే భూతద్దంతో దాని బెజ్జంలోకి చూసేవాడు. ఎంత నేర్పరి కెలికినా, కెలికిన తాళంలో ఇత్తడి మీద వెంట్రుకంత గీతైనా పడుతుంది. గీత ఉంటే బయటి దొంగ. లేకపోతే ఆయన భూతద్దం తీసి, తాళాన్ని గుడ్డతో తుడిచి, ఒకే మాట చెప్పేవాడు.

"గీత లేదండీ. తాళంచెవి ఉన్నవాళ్ళే తీశారు."

ఆ మాట పడగానే ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టేవారు. అప్పటికి ఆయన సంచీ సర్దుకుని గడప దాటేసేవాడు. తాళం చెప్పిన సంగతిని పైకి చెప్పడం వరకే తన పని అనుకునేవాడు. ఆ మాట వెనక ఏం జరుగుతుందో నిలబడి చూసిన మనిషి కాదు.

అటువంటివాడి ఇంట్లో దొంగ పడ్డాడు. పడడమేమిటి, సంసారమే పెట్టాడు.

ఆ దొంగ తాళాలాయన చేతుల మీదుగానే ఇంట్లోకి వచ్చాడు. దుకాణంలో పనికిరాని తాళంచెవులు పడేసే రేకుడబ్బాలో ఒక ఉదయం కళ్ళు సరిగా తెరవని పిల్లికూన కనిపిస్తే, సంచీలో వేసుకుని తెచ్చాడు. ఇంట్లో అప్పటికే ఒక ముసలి ఆడపిల్లి ఉండేది. దాని నడక, చూపు, ఎవరినీ లెక్కచేయని తీరు చూసి అందరూ దాన్ని పెద్దావిడ అనేవారు. పెద్దావిడ కూనను వాసన చూసి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చి, మెడ పట్టుకుని ఎత్తి, తాను పడుకునే గోనెపట్టా మీదికి మోసుకుపోయింది. దానికెన్నడూ పిల్లలు లేరు. అయినా ఆ రోజు నుంచి కూనను నాకి, తోమి, పెంచింది.

కూన ఎదిగి మగపిల్లి అయింది. మంచం మధ్యలో నిలువునా చాచుకుని పడుకునేది. తిండి ఆలస్యమైతే ఖాళీ పళ్ళేన్ని కాలితో టపటపా కొట్టేది. పక్కింట్లో బట్టలు కుట్టే ఆవిడ ఈ వైభోగం చూసి తాళాలాయన భార్యతో, "వదినా, ఇది పిల్లి కాదు. కూతుర్ని కనే శ్రమ లేకుండానే మీ ఇంటికి దిగిన అల్లుడు," అంది. ఆ పేరే స్థిరపడింది.

పెద్దావిడ తినేది ఒక్కటే తిండి: చేప వాసన వేసే గోధుమరంగు గుళికలు. పుట్టి బుద్ధెరిగాక మరోటి ముట్టి ఎరగదు. అల్లుడికి అన్నీ ఇష్టమే, కానీ ఆ గుళికలంటే ప్రాణం. వాటిని డబ్బాలో పోసి అరమీద పెడితే, డబ్బాను అంచుదాకా నెట్టి కింద పడేసేవాడు. మూత ఊడి గది నిండా గుళికలు. ఎత్తు బీరువా మీద పెడితే కిటికీ తెర పట్టుకుని పైకి పాకాడు. గుళికలు మిగల్లేదు, తెరా మిగల్లేదు. ఫ్రిజ్‌లో పెడితే తలుపు రబ్బరు సందులో పంజా దూర్చి లాగడం నేర్చాడు. మధ్యాహ్నమంతా తలుపు తెరుచుకుని ఉండి పాలు విరిగాయి.

"ఊళ్ళో ప్రతి గుమ్మానికీ మీ తాళం. మన ఇల్లు మాత్రం సత్రంలా బార్లా," అంది భార్య, నేల తుడుస్తూ.

"వాడు నా దగ్గర పని నేర్చుకుంటున్నాడే. రేపు దుకాణంలో కూర్చోబెడతా."

"కూర్చోబెట్టండి. గల్లాపెట్టె కూడా తెరుస్తాడు."

అలా నవ్వుకున్న రోజులవి. ఒక సాయంత్రం అల్లుడు గది మూలన కూర్చుని ముక్కుతూ కనిపించాడు. లేచి మరో మూలకు పోయి కూర్చున్నాడు. చుక్క పడలేదు. ఎత్తుకోబోతే, అంతకుముందెన్నడూ వినని గొంతుతో అరిచాడు.

పశువుల డాక్టరు వయసులో చిన్నది, మాట మాత్రం నిదానం. అల్లుడి కడుపు తడిమి, లోపలికి తీసుకువెళ్ళి, చాలాసేపటికి బయటికి వచ్చింది.

"మగపిల్లులకి మూత్రం పోయే దారి చాలా సన్నం. ఇసుకలాంటిది పేరుకుని మూసుకుపోయింది. గొట్టం వేసి తీశాను. ఇకమీదట నేను చెప్పిన మేత తప్ప ఇంకేదీ తినకూడదు. ముఖ్యంగా ఆ గుళికలు."

"ఒక్కటి తింటే ఏమవుతుందమ్మా?" అని అడిగింది భార్య.

"ఒక్కటి తింటే ఏమీ కాదు. ఒక్కటి తిని ఊరుకునే పిల్లిని మీరెక్కడైనా చూశారా?"

"పోనీ, రెండిటికీ ఆ మందు మేతే పెడితే?" అన్నాడు తాళాలాయన.

పెట్టి చూశారు. పెద్దావిడ పళ్ళేన్ని వాసన చూసి, ఏదో అశుద్ధాన్ని కప్పెడుతున్నట్టు పక్కనున్న నేలను కాలితో గీరి, వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. డాక్టరు ఆ ప్రయత్నం మానెయ్యమంది. ముసలి పిల్లి తిండి మానేస్తే కాలేయం దెబ్బతింటుందట. తిరిగి కోలుకునే వయసు కాదట. అంటే ఒకదాన్ని బతికించే తిండి మరొకదాని ప్రాణం తీస్తుంది. ఆ రెండూ ఒకే గోనెపట్టా మీద ఒకదాని మెడ మీద ఒకటి తల పెట్టుకుని పడుకుంటాయి.

తాళాలాయన రెండు రోజులు దుకాణం పని పక్కన పెట్టి, దళసరి రేకుతో చిన్న అలమార చేశాడు. దాన్ని వంటగది గోడలో పాతి, తన చేతనైనంతలో మేలైన తాళం బిగించాడు. తాళంచెవులు రెండు, ఒకటి తనకు, ఒకటి భార్యకు. పద్ధతి కూడా తానే పెట్టాడు. పొద్దునా సాయంత్రమూ ముందు అల్లుణ్ణి ఎదురుగా ఉన్న సామాన్ల గదిలో వేసి తలుపు మూయాలి. తరువాత అలమార తెరిచి పెద్దావిడ పళ్ళెంలో గుళికలు పోసి, వెంటనే తాళం వేయాలి. పళ్ళెం ఖాళీ అయ్యాక, దాన్ని కడిగిన తరువాతే అల్లుడి తలుపు తీయాలి.

అల్లుడు అలమారను ముట్టడించాడు. గంటల తరబడి దాని ముందు కూర్చునేవాడు. అంచుల వెంట ముక్కు పెట్టి వాసన చూసేవాడు. తాళంబెజ్జంలో గోరు పెట్టి తిప్పేవాడు. తాళాలాయన టీ తాగుతూ ఆ పనితనాన్ని చూసేవాడు. ఏ తాళమూ దొంగను ఆపదని ఆయనకు తెలుసు. అది దొంగ ఓపికకు ఒక గడువు పెడుతుంది, అంతే. దొంగలకు భయమూ తొందరా ఉంటాయి కనుక ఆ గడువు సరిపోతుంది. ఈ దొంగకు భయం లేదు, తొందర లేదు, బతుకులో వేరే పనీ లేదు. అయినా తాళం నిలిచింది. ఆయన లోలోపల కొంచెం గర్వపడ్డాడు.

"పెద్దావిడ ఈమధ్య పళ్ళెం కడిగినట్టు ఖాళీ చేస్తోందండీ," అంది భార్య ఒకనాడు. "అయినా వీపు మీద చెయ్యేస్తే ఎముకలే తగులుతున్నాయి."

"వయసు వదినా," అంది కుట్టుపని ఆవిడ, గోడ అవతలి నుంచి. "ఎంత తిన్నా ఒంటికి పట్టదు. నన్ను చూడు, నాకైతే తినకపోయినా పడుతుంది."

వర్షాలు మొదలైన వారంలో అల్లుడు మళ్ళీ మూలన కూర్చున్నాడు. డాక్టరు బల్ల మీద పడుకోబెట్టగానే వాంతి చేసుకున్నాడు. అందులో గోధుమరంగు ముక్కలు. డాక్టరు దూదితో వాటిని పక్కకు తీసి చూపించింది. చేప వాసన గదంతా వ్యాపించింది.

"తాళం వేశామన్నారు?"

"వేశాం," అన్నాడు తాళాలాయన.

ఇంటికి వచ్చి, చెప్పులైనా విడవకుండా అలమార తాళం మరలు విప్పాడు. కిటికీ వెలుగులో నిలబడి భూతద్దం పెట్టుకుని చూశాడు. బెజ్జం పైభాగాన అల్లుడి గోరు తగిలిన మచ్చలున్నాయి, లోపల ఏమీ లేదు. ఇత్తడి అద్దంలా ఉంది. భార్య తడిగుడ్డ చేతిలో పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"గీత లేదు," అన్నాడు.

అక్కడితో ఆగి ఉండవచ్చు. కానీ ఇన్నేళ్ళుగా ఆ రెండు మాటలూ జంటగానే ఆయన నోటినుంచి వస్తున్నాయి. "తాళంచెవి ఉన్నవాళ్ళే తీశారు."

అన్నాక ఆయన చేయి అలవాటుగా సంచీ కోసం వెతికింది. సంచీ లేదు. దాటి వెళ్ళవలసిన గడప కూడా లేదు. అది ఆయన ఇల్లే.

"తాళంచెవులు రెండు," అంది భార్య. "ఒకటి మీ దగ్గర. అంటే?"

"నేనేమీ అనలేదు."

"అన్నారు. ఊళ్ళో అందరి ఇళ్ళల్లో అన్నట్టే అన్నారు."

"వాడు మొహం వేలాడేసుకుని చూస్తే నీ మనసు కరిగిపోతుంది. నాకు తెలియదా? ఏదో ఒకటో రెండో..."

"పెట్టి ఉంటే పెట్టానని చెప్పనా? మీకు భయపడి దాచుకునే కాపురమా మనది?"

ఆ తాళం ఎన్నడూ అబద్ధం చెప్పి ఎరగదు, భార్యా అంతే. రెండిట్లో ఒకదాన్ని ఎంచుకోక తప్పనప్పుడు ఆయన తన చేత్తో చేసిన దాన్ని ఎంచుకున్నాడు. అది ఎంపిక అని కూడా అప్పుడు తోచలేదు. తెలిసిన సంగతి అనుకున్నాడు.

ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవిని తీసి గట్టు మీద పెట్టింది. "ఇకనుంచి మీరే పెట్టుకోండి. ఆ అలమార వంక నేను చూడను కూడా."

ఆ తరువాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. "ఏమండీ" అనే పిలుపు వినపడడం మానేసింది. "అన్నం వడ్డించి ఉంది," అని ఆమె గోడకు చెప్పేది. "సరే," అని ఆయన కంచానికి చెప్పేవాడు. అల్లుడు మాత్రం ఇద్దరి కాళ్ళనూ సమానంగా రాసుకుంటూ తిరిగేవాడు.

తాళంచెవులు రెండూ చొక్కా లోపలి జేబులో వేసుకుని తాళాలాయన తానే గుళికలు పెట్టసాగాడు. పొద్దున్నే అల్లుణ్ణి గదిలో వేసి, పళ్ళెంలో పోసి, అలమార తాళం రెండుసార్లు లాగి చూసుకుని, గడ్డం గీసుకోవడానికి వెళ్ళేవాడు. వచ్చేసరికి పళ్ళెం ఖాళీ. పెద్దావిడ సామాన్ల గది గుమ్మం పక్కన కూర్చుని తీరికగా మొహం కడుక్కుంటూ ఉండేది. పళ్ళెం కడిగి తలుపు తీస్తే అల్లుడు ఒళ్ళు విరుచుకుంటూ బయటికి వచ్చేవాడు. ఎక్కడా పొరపాటుకు సందు లేదు. రోజులు గడిచేకొద్దీ ఆయనలో ఒక నమ్మకం పెరిగింది, దానితోపాటు ఒక బాధ కూడా. అల్లుడు ఆరోగ్యంగా ఉన్న ప్రతి రోజూ భార్య మీద మోపిన నేరానికి మరో సాక్ష్యం అవుతోంది.

ఆ సాక్ష్యం ఎంతో కాలం నిలవలేదు. ఒక ఉదయం అల్లుడు ఆయన పని చొక్కా మీదనే కూర్చుని ముక్కాడు. బట్ట మీద పడిన ఒక్క చుక్కా ఎర్రగా ఉంది.

డాక్టరుకు ఈసారి బయటికి రావడానికి ఇంకా ఎక్కువసేపు పట్టింది. "ఇప్పటికి గండం గడిచింది. మళ్ళీ మూసుకుపోతే, గొట్టం వేసేటప్పుడు ఆ దారే చిరిగిపోవచ్చు. అప్పుడిక నా చేతుల్లో ఉండదండీ. ఇంత చెప్పినా ఆ గుళికలు ఎలా అందుతున్నాయి?"

"తాళంచెవులు రెండూ నా జేబులోనే ఉన్నాయి," అన్నాడాయన. డాక్టరుకు ఆ జవాబు అర్థం కాలేదు. భార్యకు అర్థమైంది.

దారి పొడుగునా ఆమె అల్లుడున్న బుట్టను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చూశారా అనలేదు. ఒక్క దెప్పిపొడుపు మాట అని ఉంటే తల వంచుకోవడానికి ఒక సందు దొరికేది. ఆమె అదీ ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున ఆయన గడ్డం గీసుకోవడానికి వెళ్ళలేదు. అల్లుణ్ణి గదిలో వేసి, గుళికలు పోసి, తాళం వేసి, వంటగది తలుపు వెనక నిలబడ్డాడు.

పెద్దావిడ రెండు మూడు గుళికలు నమిలింది. ఆగింది. తల వంచి, ఈసారి నమలకుండా నోట కరుచుకుంది. చెంపలు ఉబ్బాయి. వెనక కాలు ఈడ్చుకుంటూ సామాన్ల గది గుమ్మం దాకా నడిచి, గుళికలను నేల మీద వదిలి, ఒక్కొక్కదాన్నీ ముక్కుతో తలుపు కింది సందులోకి తోసింది. లోపలినుంచి ఒక పంజా వచ్చి వాటిని లాక్కుంది. కరకరమని నమిలిన చప్పుడు. పెద్దావిడ ఆ చప్పుడు ఆగేదాకా చెవులు నిక్కించి విని, పళ్ళెం దగ్గరికి తిరిగి వెళ్ళింది. మళ్ళీ తెచ్చింది. మధ్యలో ఒకసారి అలిసిపోయి గుమ్మం దగ్గరే కూర్చుండిపోయింది. లేచి మళ్ళీ వెళ్ళింది. పళ్ళెం ఖాళీ అయ్యాక మొహం కడుక్కుంది.

తాళాలాయన జేబులోని తాళంచెవులను తడిమి చూసుకున్నాడు. తాళం నిజమే చెప్పింది. అలమారను ఎవరూ అన్యాయంగా తెరవలేదు. గుళికలు పెద్దావిడ కోసం పోసినవి, పెద్దావిడకే అందాయి. అందుకున్నాక అవి ఆవిడవి. ఆయన బతుకంతా తీసుకునే చేతికి అడ్డం పెట్టడం నేర్చుకున్నాడు. ఇచ్చే నోటికి ఏది అడ్డం పెట్టాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.

"ఒకసారి ఇలా రా," అని పిలిచాడు. ఎంతోకాలానికి వినిపించిన ఆ పిలుపుకు భార్య ఉలిక్కిపడి వచ్చింది. చూపించడానికి సాయంత్రం దాకా ఆగనక్కర్లేకపోయింది. తలుపు కింది సందు ముందు ఒక గుళిక మిగిలి ఉంది, పంజా దానికోసం తడుముతోంది, పెద్దావిడ మొహం కడుక్కోవడం ఆపి ముక్కుతో దాన్ని దగ్గరికి జరుపుతోంది. ఆమె వంగి పెద్దావిడ వీపు తడిమింది.

"అయ్యో, ఇదసలు తిననే లేదు," అంది. "అందుకే ఆ ఎముకలు."

"నేను ఆ రోజు..."

"ఆ మాట తరవాత. ముందు ఆ సందు మూయండి."

ఆయన చెక్కపట్టీ కోసి, తలుపు అడుగున మేకులతో బిగించాడు. సాయంత్రం పెద్దావిడ నోటినిండా గుళికలతో వచ్చి, ఆ చివరినుంచి ఈ చివరిదాకా సందు వెతికింది. దొరకలేదు. గుళికలను గుమ్మం ముందు పోగు పెట్టి, వాటి పక్కన కూర్చుంది. లోపల అల్లుడు తలుపు గోకుతూ అరిచాడు. పెద్దావిడ పళ్ళెం వైపు తిరిగి చూడలేదు. మర్నాడూ చూడలేదు.

అల్లుణ్ణి పక్కింటికి పంపారు. పెద్దావిడ గది గదీ తిరిగి, చివరికి వీధి గుమ్మం ముందు కూర్చుంది. అక్కడికి పళ్ళెం జరిపితే మొహం పక్కకు పెట్టింది. చేత్తో తినిపించబోతే నోరు తెరవలేదు.

కుట్టుపని ఆవిడ మధ్యాహ్నానికల్లా వచ్చింది. "అన్నయ్యా, మీ అల్లుడు అలిగి నా మిషను కింద దూరాడు. నోట్లో నీళ్ళు కూడా పోసుకోవడం లేదు. నేనేం మర్యాద తక్కువ చేశానో అడుగు." నవ్వించబోయి, పెద్దావిడను చూసి, మిగిలిన మాట మింగేసింది.

డాక్టరు పెద్దావిడను తూచి, చెవులను వెలుతురులో పెట్టి చూసింది. కాలేయం దెబ్బకు లోపల పసుపురంగు తేలడం మొదలైందని చెప్పింది. "రెండిటినీ ఒకచోట ఉంచకండి. ఒకదాన్ని ఎవరికైనా ఇచ్చేయండి. చిన్నదాన్ని కాపాడుకోగలరు."

"మరి దీన్ని?" అంది భార్య.

"దీనికి వయసు అయిపోయింది కదమ్మా." డాక్టరు చేయి పెద్దావిడ వీపు మీదనే ఉండిపోయింది.

ఇంటికి వచ్చాక ఆమె పెద్దావిడను గోనెపట్టా మీద దింపి, పక్కింటికి వెళ్ళి అల్లుణ్ణి తీసుకువచ్చింది. తాళాలాయన వంటగది నేల మీద కూర్చుని, వాణ్ణి పాత తువ్వాల్లో చుట్టి, ఒళ్ళో రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. ఆమె అలమార తెరిచి పళ్ళెంలో గుళికలు పోసింది. ఆ వాసనకు అల్లుడు ఒళ్ళంతా ఒక స్ప్రింగులా బిగిసి, తువ్వాల్లోనుంచి ఆయన ముంజేతిని బరికాడు. ఆయన పట్టు వదల్లేదు.

పెద్దావిడ గోనెపట్టా మీదినుంచి లేచి వచ్చింది. అల్లుడి తల నాకింది. పళ్ళెం దగ్గర కూర్చుని ఒక గుళిక నమిలింది. మరొకటి నమిలింది.

"తింటోందండీ," అంది భార్య మెల్లగా.

మూడో గుళికను నమల్లేదు. నోట పట్టుకుని తాళాలాయన మోకాలి మీద ముందుకాళ్ళు ఆనించి, అల్లుడి నోటి వైపు చాచింది. భార్య తన అరచేయి మధ్యలో పెట్టింది. పెద్దావిడ ఆ చేతి వంక చూసి, ఆ చెయ్యి కూడా ఆకలితోనే వచ్చిందనుకుందో ఏమో, గుళికను అందులో వదిలింది. ఆమె దాన్ని తిరిగి పళ్ళెంలో వేసింది. పెద్దావిడ దాన్నే మళ్ళీ తెచ్చింది.

"ఎన్నాళ్ళండీ ఇలా, పూటపూటకీ?"

"తెలియదు."

"ఎన్ని తింటోందో, ఎన్ని ఇస్తోందో లెక్క ఎలా తెలుస్తుంది?"

"తెలియదు," అన్నాడాయన మళ్ళీ. ముంజేతి మీద నెత్తురు సన్నని దారంలా కారుతోంది. "ఆ రోజు నేనన్న మాట..."

"వాడి వెనక కాలు బయటికొచ్చేసింది చూడండి. గట్టిగా పట్టుకోండి."

ఆయన గట్టిగా పట్టుకున్నాడు. పెద్దావిడ అప్పటికే పళ్ళెం వైపు తిరిగింది. తినడానికో, తేవడానికో ఇంకా తెలియలేదు. భార్య అరచేయి చాచే ఉంచింది.